పరకాయ ప్రవేశం: యూజర్‌గా మారే అడ్మిన్‌కు కళ్లెం ఎలా?

యూజర్ ఫోన్ చేసి "నాకు పేజీ ఖాళీగా వస్తోంది" అంటాడు. అడ్మిన్ తెర మీద మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది. అప్పుడు ఆ యూజర్ ఖాతాలో దూరి, అతని కళ్లతో చూడక తప్పదు. ఆ సదుపాయాన్ని వెబ్ అప్లికేషన్‌లో ఎలా కట్టాలి, ఎక్కడ బెడిసికొడుతుంది అనే విషయం మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్ర: మాది కాలేజీ ఫీజుల పోర్టల్. రసీదు కనబడడం లేదని తల్లిదండ్రులు ఫోన్ చేస్తే మా సపోర్ట్ సిబ్బంది పాస్‌వర్డ్, ఓటీపీ అడిగి లోపలికి వెళ్లి చూస్తున్నారు. దీనికి బదులు అన్ని ఖాతాలకూ పనిచేసే ఒక మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టమని మా డైరెక్టర్ గారు అంటున్నారు. పెట్టవచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జ: పెట్టకండి. ఇప్పుడు చేస్తున్నదీ తప్పే, పెట్టమంటున్నది అంతకన్నా పెద్ద తప్పు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు, పోలీసులు ఏళ్ల తరబడి చెబుతుంటే, "కాలేజీ నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అని మీరే అలవాటు చేస్తున్నారు. రేపు మోసగాడు అదే మాటతో ఫోన్ చేస్తే ఆ తల్లిదండ్రులు గుర్తుపట్టలేరు.

మాస్టర్ పాస్‌వర్డ్‌తో వచ్చే చిక్కు వేరు. దాంతో ఎవరు లోపలికి వెళ్లినా లాగ్‌లో విద్యార్థి పేరే పడుతుంది. పదిమందికి తెలిసిన రహస్యం గనుక, ఒకరు ఉద్యోగం మానేసినప్పుడల్లా మార్చాలి. ఎవరూ మార్చరు. టెస్టింగ్ కోసమని పెట్టిన మాస్టర్ పాస్‌వర్డ్, పెట్టినవాడు రిటైరయ్యే దాకా ప్రొడక్షన్‌లో బతుకుతుంది.

సరైన పద్ధతిలో అడ్మిన్ తన పేరుతోనే, తన రెండో అంచె ధ్రువీకరణతోనే లాగిన్ అవుతాడు. యూజర్ల జాబితాలో "ఇతని ఖాతాగా చూడు" అన్న బటన్ నొక్కి, టికెట్ నంబరూ కారణమూ రాస్తాడు. అక్కడి నుంచి ప్రతి రిక్వెస్ట్‌కూ సర్వర్ దగ్గర రెండు పేర్లు ఉండాలి: పని చేస్తున్న మనిషి ఎవరు, ఎవరి ఖాతాలో చేస్తున్నాడు. పేజీ ఏం చూపించాలన్నది రెండో పేరును బట్టి, ఎవరు జవాబుదారీ అన్నది మొదటి పేరును బట్టి తేలుతుంది. ఈ కింది ప్రశ్నల్లోని ఇబ్బందులు చాలా వరకు మొదటి పేరు ఎక్కడో జారిపోవడం వల్ల వచ్చినవే.

ప్ర: జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) లాగిన్ ఫంక్షన్‌కు ఆ యూజర్‌ను ఇచ్చి పని కానిచ్చాను. లోపలికి వెళ్తున్నాను గానీ, "వెనక్కి" బటన్‌కు అడ్మిన్ ఐడీ దొరకడం లేదు. సెషన్‌లో (ఎవరు లాగిన్ అయ్యారో సర్వర్ గుర్తుపెట్టుకునే చోటు) ముందే దాచినా మాయమవుతోంది. పైగా, మేం ఖాతా చూసిన తర్వాత తమ పాస్‌వర్డ్ రీసెట్ లింకు చెల్లడం లేదని కొందరు యూజర్లు అంటున్నారు. రెండింటికీ సంబంధం ఉందా? – ఒక డెవలపర్, హైదరాబాద్

జ: ఉంది. రెండూ ఆ లాగిన్ ఫంక్షన్ చేసే పనులే.

మొదటిది: సెషన్‌లో అప్పటికే ఒక యూజర్ ఉండి, కొత్తగా వేరొకరిని లాగిన్ చేస్తే, జాంగో పాత సెషన్‌ను పూర్తిగా తుడిచేస్తుంది. ఒకరి సమాచారం మరొకరికి చేరకూడదని పెట్టిన జాగ్రత్త అది. అందుకే ముందుగా దాచిన ఐడీ పోతోంది. అడ్మిన్ ఐడీని మామూలు వేరియబుల్‌లో పట్టుకోండి, లాగిన్ పిలవండి, ఆ తర్వాతే సెషన్‌లో రాయండి. వెనక్కి వచ్చేటప్పుడూ అదే వరస: ఐడీ చదవండి, ఆ అడ్మిన్ ఖాతా ఇంకా చెల్లుబాటులో ఉందో, అనుమతి ఇంకా ఉందో చూడండి, అప్పుడు లాగిన్ చేయండి. ఐడీని దాచిన ఫారం ఫీల్డులోనో యూఆర్ఎల్‌లోనో పెట్టే ఆలోచన మాత్రం వద్దు. దాన్ని మార్చి పంపిన ఏ యూజరైనా అడ్మిన్ అయిపోతాడు.

రెండోది: లాగిన్ జరగగానే ఒక సిగ్నల్ వెళ్లి, ఆ యూజర్ "చివరి లాగిన్" సమయాన్ని మారుస్తుంది. రీసెట్ లింకులోని టోకెన్ (ఆ లింకు అసలైనదని రుజువు చేసే అక్షరాల వరస) తయారయ్యేది యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌కు బదులు దాచే సంకేత రూపం), చివరి లాగిన్, ఈమెయిల్, టోకెన్ పుట్టిన సమయం కలిపి. వాటిలో ఒక్కటి మారినా టోకెన్ చెల్లదు. లింకు గడువు మామూలుగా 3 రోజులు. ఆలోగా మీరు ఖాతాలో దూరితే లింకు చచ్చిపోతుంది. "లాగిన్ కాలేకపోతున్నాను" అని ఫోన్ చేసినవారి ఖాతాలోనే కదా మీరు దూరేది! కాబట్టి ఇది అప్పుడప్పుడు కాదు, తరచూ తగిలే దెబ్బే.

మందు రెండు రకాలు. ఒకటి, లాగిన్ పిలిచే ఆ క్షణంలో ఆ సిగ్నల్‌ను ఆపడం. జాంగో హైజాక్ అనే ప్యాకేజీ చేసేది అదే. మొదట్లో అందులో సూపర్‌యూజర్లకు మాత్రమే అనుమతి ఉంటుంది. అవసరాన్ని బట్టి అనుమతి ఫంక్షన్‌ను మీరు రాసుకోవచ్చు. రెండోది, అసలు లాగిన్ ఫంక్షన్‌నే పిలవకపోవడం. సెషన్ అడ్మిన్‌దే ఉంటుంది. అందులో "ఫలానా యూజర్‌గా చూస్తున్నాడు" అన్న ఐడీ, మొదలైన సమయం మాత్రం రాస్తారు. జాంగో ధ్రువీకరణ మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్‌నూ పేజీకి చేరకముందే చూసే కోడ్) తర్వాత మీ మిడిల్‌వేర్ వచ్చి, రిక్వెస్ట్‌లోని యూజర్‌ను "అసలు యూజర్" అనే మరో పేరు కింద భద్రపరచి, ఆ స్థానంలో ఎంచుకున్న యూజర్‌ను పెడుతుంది. రూబీ ఫ్రేమ్‌వర్క్ అయిన రైల్స్‌లో ప్రిటెండర్ అనే జెమ్ (ప్యాకేజీ) ఇదే దారి పట్టింది. అందులో కరెంట్ యూజర్, ట్రూ యూజర్ అని ఇద్దరూ ఎప్పుడూ అందుబాటులో ఉంటారు.

మా మొగ్గు రెండో దారి వైపే. అడ్మిన్ ఉద్యోగం పోయి ఖాతా మూసేస్తే, రెండో దారిలో అతని సెషన్ ఆ మరుక్షణమే చస్తుంది. మొదటి దారిలో సెషన్ యూజర్ పేరు మీద ఉంది గనుక, మీరు ప్రత్యేకంగా తనిఖీ రాయకపోతే, ఉద్యోగం పోయినవాడు యూజర్ ఖాతాలో హాయిగా తిరుగుతూనే ఉంటాడు. రెండో దారిలోనూ ఒక లోపముంది: సెషన్ ఒకటే గనుక అందులోని కార్ట్, ఫిల్టర్లు, సగం నింపిన ఫారాలు ఇద్దరివీ కలిసిపోతాయి. అలాంటివి సెషన్‌లో దాచే అప్లికేషన్ అయితే వాటిని దాచే పేర్లకు (కీ‌లకు) యూజర్ ఐడీ జోడించండి.

ప్ర: యూజర్‌గా మారాక బయటపడే బటన్ నొక్కితే 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తోంది. కొన్ని ఖాతాల్లో అయితే "ప్రొఫైల్ పూర్తి చేయండి" అన్న పేజీ దాటి బటన్ దాకా కూడా వెళ్లలేకపోతున్నాం. – విశాఖపట్నం

జ: బయటపడే యూఆర్ఎల్‌ను కూడా "అడ్మిన్ మాత్రమే" అన్న తాళం కింద పెట్టి ఉంటారు. ఆ సమయానికి మీరు అడ్మిన్ కాదు, మామూలు యూజర్, తాళం తెరుచుకోదు. ఆ యూఆర్ఎల్ దగ్గర చూడాల్సింది ఒక్కటే: సెషన్‌లో అసలు అడ్మిన్ నమోదై ఉన్నాడా? జావా వాడే స్ప్రింగ్ సెక్యూరిటీలో మారిన యూజర్‌కు "మునుపటి అడ్మినిస్ట్రేటర్" అన్న ప్రత్యేక పాత్ర చేరేది ఇందుకే.

ప్రొఫైల్ పూర్తి చేయించే, నిబంధనలకు ఒప్పుకోమనే, పాస్‌వర్డ్ మార్చమనే మిడిల్‌వేర్లన్నింటి నుంచీ ఈ ఒక్క యూఆర్ఎల్‌కు మినహాయింపు ఇవ్వండి. "మీరు ఇప్పుడు ఫలానా యూజర్‌గా ఉన్నారు" అనే పట్టీని అన్ని పేజీల పైన, ఎర్రగానో నారింజ రంగులోనో, కదలకుండా పెట్టండి. 403, 500 (సర్వర్ ఎర్రర్) పేజీలకు వేరే టెంప్లేట్ వాడుతుంటే అందులోనూ పెట్టడం మరిచిపోకండి. అడ్మిన్ ఇరుక్కునేది ఎక్కువగా అక్కడే.

ప్ర: ఎవరు ఎవరిగా మారవచ్చు? మా దగ్గర సపోర్ట్, మేనేజర్, సూపర్ అడ్మిన్ అని మూడు అంచెలు. ఒకే సర్వర్ మీద నలభై పాఠశాలలున్నాయి. – వరంగల్

జ: కింది అంచె వాడు పై అంచె వాడిగా మారకూడదు అన్నది అందరికీ తోచేదే. తోచనిది, సమాన అంచె. ఒక సపోర్ట్ ఉద్యోగి మరో సపోర్ట్ ఉద్యోగిగా మారగలిగితే, చేసిన పని పక్కవాడి పేరు మీద పడుతుంది. కాబట్టి సిబ్బందిగా ఎవరూ మారకూడదని మొదట మూసేయండి. అంచెల పేర్లకన్నా అనుమతుల జాబితాను పోల్చడం భద్రం: ఎదుటి ఖాతాకు ఉన్న అనుమతుల్లో ఒక్కటైనా అడ్మిన్‌కు లేకపోతే ప్రవేశం లేదు. పాఠశాల ఐడీ ఒకటేనా అన్న తనిఖీ దీనికి అదనం. యూజర్‌గా మారి, అక్కడి నుంచి మరో యూజర్‌గా మారే గొలుసునూ ఆపండి. ముందు బయటికి రావాలి, తర్వాతే ఇంకొకరు.

బటన్ కనబడకుండా దాచడం రక్షణ కాదు. తనిఖీ సర్వర్‌లో, ప్రవేశించే క్షణంలో జరగాలి. ఆ ప్రవేశం, మార్పులు చేసేందుకు వాడే పోస్ట్ రిక్వెస్ట్‌గా, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌తో (రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని రుజువు చేసేది) ఉండాలి. గెట్ (పేజీ చదివే మామూలు రిక్వెస్ట్) లింకుగా ఉంచితే, ఎవరో పంపిన లింకు నొక్కిన అడ్మిన్ తనకు తెలియకుండానే దాడి చేసేవాడి ఖాతాలోకి జారిపోతాడు; ఆపై అప్‌లోడ్ చేసే ఫైళ్లన్నీ వాడి ఖాతాకే చేరతాయి. కుకీకి సేమ్‌సైట్ లాక్స్ (వేరే సైట్ల నుంచి వచ్చే రిక్వెస్ట్‌లతో కుకీ పోకుండా చాలా వరకు ఆపే అమరిక) పెట్టినా నేరుగా నొక్కిన గెట్ లింకును అది ఆపదు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ సింఫనీలో ఈ మార్పిడి మామూలుగా యూఆర్ఎల్ చివర ఒక పరామితితో, అంటే గెట్‌తోనే, జరుగుతుంది. వాడేవాళ్లు "మారే అనుమతి" పాత్రను చాలా తక్కువమందికి ఇచ్చి, ఓటర్ క్లాసుతో (అనుమతి ఇవ్వాలో లేదో తేల్చే కోడ్) ఎదుటి ఖాతాను కూడా తనిఖీ చేయడం మంచిది.

ప్ర: చూడడం మాత్రమే చాలని ఒకరు, యూజర్ తరఫున ఫారం నింపే వీలు కూడా కావాలని ఒకరు. ఏది మేలు? – విజయవాడ

జ: చూడడం మాత్రమే అన్నదానితో మొదలుపెట్టండి. సపోర్ట్‌కు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చూస్తే తేలిపోయేవే. రాత అవసరమైనచోట, అడ్మిన్ తన పేరుతోనే ఆ పని చేసే బటన్‌ను అడ్మిన్ పేజీలో ఇవ్వడం, యూజర్ వేషంలో చేయనివ్వడం కన్నా మంచిది.

అయితే "చూడడం మాత్రమే" అని రాసుకున్నంత మాత్రాన అలా ఉండదు. దీనికి 2018 నాటి ఫేస్‌బుక్ ఉదంతాన్ని మించిన పాఠం లేదు. మన ప్రొఫైల్ ఇంకొకరికి ఎలా కనిపిస్తుందో చూపే "వ్యూ యాజ్" అనే సదుపాయం అప్పట్లో ఉండేది. అది చూడడానికి మాత్రమే. కానీ పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే పెట్టె ఒకటి అందులో వీడియో అప్‌లోడ్‌కు పొరపాటున వీలిచ్చింది. 2017 జూలైలో వచ్చిన కొత్త వీడియో అప్‌లోడర్, అవసరం లేకున్నా, మొబైల్ యాప్ స్థాయి అనుమతులున్న యాక్సెస్ టోకెన్‌ను తయారుచేసేది. మూడో తప్పు ఇంకా ఘోరం: ఆ టోకెన్ చూస్తున్న మనిషిది కాదు, ఎవరిలా చూస్తున్నారో వారిది. మూడూ కలిసి, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోయే దారి తెరుచుకుంది. సెప్టెంబరు 28న కంపెనీ మొదట 5 కోట్ల ఖాతాలు అంది, తర్వాత టోకెన్లు పోయింది సుమారు 3 కోట్ల ఖాతాలవని తేల్చింది. ఈ కేసులోనే 2024 డిసెంబరులో ఐర్లండ్ డేటా రక్షణ సంస్థ మెటాకు 25.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. విడివిడిగా చూస్తే చిన్నవిగా కనిపించే తప్పులు, వేషం మారిన చోట కలుసుకున్నాయి.

కాబట్టి నిషేధాన్ని పేజీ దగ్గర కాదు, కింద పెట్టండి. వేషంలో ఉన్నంత సేపు గెట్, హెడ్, ఆప్షన్స్ తప్ప ఏ రిక్వెస్ట్ వచ్చినా మిడిల్‌వేర్ ఆపేయాలి. బయటపడే యూఆర్ఎల్ ఒక్కటే మినహాయింపు. గ్రాఫ్‌క్యూఎల్ (డేటా అడిగే ఒక ఏపీఐ భాష) వాడితే ఈ సూత్రం పారదు, అక్కడ చదవడమూ మామూలుగా పోస్టే. మ్యూటేషన్‌లను (మార్పు చేసే పిలుపులను) విడిగా ఆపాలి. టోకెన్లు పుట్టించే ప్రతి చోటా, అంటే ఏపీఐ కీలు, డౌన్‌లోడ్ లింకులు, ఇతర సైట్లకు సింగిల్ సైన్ ఆన్ (ఒక లాగిన్‌తోనే ప్రవేశం) ఇచ్చే చోట్ల, "ఇది వేషమా?" అన్న ప్రశ్న విడిగా ఉండాలి. గెట్ అయినా మార్పు చేసే పేజీలను వెతకండి: నోటిఫికేషన్ తెరవగానే "చదివారు" అని గుర్తు పడడం, ఒక్కసారే తెరుచుకునే లింకు ఖర్చైపోవడం, "ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారు" అన్న పచ్చ చుక్క వెలగడం. అర్ధరాత్రి భార్య ఖాతాలో పచ్చ చుక్క చూసిన భర్తకు మీ సపోర్ట్ టికెట్ సంగతి తెలియదు.

రాతకు కూడా అనుమతి ఇవ్వక తప్పని వ్యాపారమైతే, వీటిని మాత్రం ఎన్నటికీ తెరవకండి: పాస్‌వర్డ్, ఈమెయిల్, ఫోన్ నంబరు, రెండో అంచె ధ్రువీకరణ, బ్యాంకు ఖాతా వివరాలు, చెల్లింపులు, ఖాతా తొలగింపు, నిబంధనలకు సమ్మతి.

ప్ర: ఆడిట్ లాగ్‌లో ఏమేం ఉండాలి? ఎన్నాళ్లు ఉంచాలి? – తిరుపతి

జ: రెండు టేబుళ్లు చాలు. మొదటిది ప్రవేశాలది: అడ్మిన్ ఐడీ, యూజర్ ఐడీ, టికెట్ నంబరు, కారణం, ఐపీ అడ్రసు, బ్రౌజర్, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఎలా ముగిసింది (బటన్ నొక్కారా, గడువు తీరిందా). నిరాకరించిన ప్రయత్నాలనూ రాయండి. తప్పుడు పని బయటపడేది ఎక్కువగా వాటి వల్లే. రెండోది, ఆ ప్రవేశంలో తెరిచిన ప్రతి యూఆర్ఎల్, పద్ధతి, ఫలితం కోడ్. రాతకు అనుమతిస్తే పాత విలువ, కొత్త విలువ కూడా. పాస్‌వర్డ్‌లు, ఆధార్ నంబర్లు లాగ్‌లో పడకుండా వడకట్టండి.

మొదటి పేరు (పని చేస్తున్న మనిషి పేరు) జారిపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి, వెనక క్యూలో నడిచే పనులు: ఈమెయిల్ పంపడం, పీడీఎఫ్ తయారీ. అక్కడ సెషన్ ఉండదు. పనిని క్యూలో వేసేటప్పుడే అడ్మిన్ ఐడీని కూడా జోడించి పంపాలి. రెండోది, డేటాబేస్ ట్రిగ్గర్లు (డేటా మారగానే వాటంతటవే నడిచే కోడ్). పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సెట్ కాన్ఫిగ్ ఫంక్షన్‌తో అడ్మిన్ ఐడీని అందించవచ్చు గానీ, మూడో ఆర్గ్యుమెంట్ తప్పకుండా ట్రూ ఇవ్వండి. అప్పుడు ఆ విలువ ఆ ట్రాన్సాక్షన్‌తోనే పోతుంది. ఫాల్స్ ఇస్తే కనెక్షన్‌కు అంటుకునే ఉంటుంది. కనెక్షన్లను పంచిపెట్టే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో అదే కనెక్షన్ తర్వాత ఇంకెవరికో వెళ్తుంది, ఎవరో చేసిన పని మీ అడ్మిన్ నెత్తిన పడుతుంది.

అప్లికేషన్ వాడే డేటాబేస్ రోల్‌కు (డేటాబేస్ ఖాతాకు) లాగ్ టేబుల్ మీద ఇన్‌సర్ట్ మాత్రమే ఇవ్వండి, అప్‌డేట్, డిలీట్ వద్దు. ఆ టేబుల్ యజమాని కూడా వేరే రోల్ అయి ఉండాలి. యజమాని తన హక్కులు తానే తిరిగి ఇచ్చుకోగలడు. ఇక కాలం: కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు ఉంచమంటాయి. 2025 నవంబరులో వెలువడిన వ్యక్తిగత డేటా రక్షణ నియమాలు ఏడాది అంటాయి. ఏడాదికే సిద్ధపడండి.

ప్ర: మా దగ్గర సెషన్ లేదు, అంతా జేడబ్ల్యూటీ (యూజర్ వివరాలను తనలోనే మోసే, సంతకం చేసిన టోకెన్), వెనక పన్నెండు సర్వీసులు. యూజర్ పేరుతో టోకెన్ తయారుచేసి అడ్మిన్‌కు ఇస్తే సరిపోదా? – డాలస్ నుంచి ఒక పాఠకుడు

జ: పని నడుస్తుంది, లెక్క మిగలదు. ఆ టోకెన్ చూసిన పన్నెండు సర్వీసులూ నిజంగా యూజరే వచ్చాడనుకుంటాయి. 2020 జనవరిలో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 8693 అనే ఇంటర్నెట్ పత్రం దీనికి ప్రమాణం. అందులో టోకెన్‌లోని సబ్ అనే అంశంలో యూజర్, యాక్ట్ అనే అంశం లోపలి సబ్‌లో అడ్మిన్ ఉంటారు. ఒకే టోకెన్, రెండు పేర్లు. ప్రతి సర్వీసూ లాగ్ రాసేటప్పుడు యాక్ట్ ఉందేమో చూడాలి; ఆ పనిని అందరూ వాడే లైబ్రరీలో ఒక్కసారి రాయండి. పన్నెండు టీములు విడివిడిగా రాస్తే కనీసం ఒకటి మరిచిపోతుంది.

గడువు 10, 15 నిమిషాలకు మించనివ్వకండి, గడువు తీరాక కొత్త టోకెన్ తెచ్చే రిఫ్రెష్ టోకెన్ అసలు ఇవ్వకండి. జారీ అయిన జేడబ్ల్యూటీని మధ్యలో రద్దు చేయడం కష్టం గనుక, టోకెన్ ఐడీల రద్దు జాబితాను రెడిస్‌లో (మెమరీలో నడిచే డేటాబేస్) ఉంచి గేట్‌వే (రిక్వెస్ట్‌లు మొదట వచ్చే ద్వారం) దగ్గర చూడండి. అడ్మిన్ సొంత టోకెన్‌ను ఈ కొత్త టోకెన్‌తో చెరిపేయకుండా, వేరే చోట ఉంచాలి. ఈ టోకెన్ యూఆర్ఎల్‌లో పోకూడదు. వెబ్ సర్వర్ లాగ్‌లలో, బ్రౌజర్ హిస్టరీలో అది అలాగే మిగిలిపోతుంది.

ప్ర: వర్డ్‌ప్రెస్ సైటుకు కోడ్ రాయకుండా కుదురుతుందా? – ఖమ్మం

జ: యూజర్ స్విచింగ్ అనే ఉచిత ప్లగిన్ ఉంది. యూజర్ల జాబితాలో ప్రతి పేరు కిందా "స్విచ్ టు" లింకు వస్తుంది, తిరిగి రావడానికి "స్విచ్ బ్యాక్" ఉంటుంది. మల్టీసైట్‌లో (ఒకే వర్డ్‌ప్రెస్ మీద అనేక సైట్లు) మామూలుగా సూపర్ అడ్మిన్‌కే ఆ అధికారం. ఎవరు ఎవరిగా మారారో దాచే లాగ్ కోసం వేరే ప్లగిన్ కూడా పెట్టుకోండి.

ప్ర: ఒక ట్యాబ్‌లో యూజర్‌గా మారితే పక్క ట్యాబ్‌లో ఉన్న అడ్మిన్ పేజీ కూడా మారిపోతోంది. రియాక్ట్ (బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పేజీల్లో ఒకరి డేటా ఇంకొకరికి కనబడుతోంది. – బెంగళూరు

జ: కుకీ బ్రౌజర్‌ది, ట్యాబ్‌ది కాదు. అడ్మిన్ ఫారం తెరిచి ఉంచిన ట్యాబ్‌లో తర్వాత సేవ్ నొక్కితే రెండింటిలో ఒకటి జరుగుతుంది: సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ మారి తిరస్కరణ, లేదా ఆ మార్పు యూజర్ పేరు మీద పడడం. అడ్మిన్ పేజీలకు వేరే సబ్‌డొమైన్, ఆ సబ్‌డొమైన్‌కే పరిమితమైన కుకీ పెడితే ఈ రెండూ తప్పుతాయి. డొమైన్ లక్షణాన్ని కుకీకి రాయకుండా వదిలేస్తే అది ఆ ఒక్క హోస్ట్‌కే అంటుకుని ఉంటుంది. అంతవరకు చేయలేకపోతే, ప్రవేశాలకు ప్రైవేట్ విండో వాడమనండి.

రియాక్ట్ సంగతి: లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ రౌటర్‌తో పేజీ మార్చకండి, బ్రౌజర్‌ను పూర్తిగా రీలోడ్ చేయించండి. మెమరీలోని క్వెరీ క్యాష్ (సర్వర్ జవాబుల నకళ్లు), తెరిచి ఉన్న వెబ్‌సాకెట్ (సర్వర్‌తో ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్) దాంతో పోతాయి. లోకల్ స్టోరేజ్ (బ్రౌజర్‌లో పేజీ తన డేటా దాచుకునే చోటు) మాత్రం రీలోడ్‌కు చెరగదు, కాబట్టి అందులోని కీలన్నింటికీ యూజర్ ఐడీ జోడించండి. సర్వర్ వైపు క్యాష్ కీలకు కూడా అదే నియమం, అక్కడ వాడాల్సింది వేషంలోని యూజర్ ఐడీ. వేషంలో ఉన్నప్పుడు అనలిటిక్స్, చాట్ విడ్జెట్ స్క్రిప్టులను అసలు లోడ్ చేయకండి. లేకపోతే సపోర్ట్ సిబ్బంది తిరుగుడంతా యూజర్ ఆసక్తిగా లెక్కకెక్కుతుంది.

ప్ర: ఖాతా చూసినట్టు యూజర్‌కు చెప్పాలా? చట్టం ఏమంటుంది? – రాజమహేంద్రవరం

జ: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ సదుపాయాన్ని పేరుపెట్టి చెప్పదు. తగిన భద్రతా చర్యలు తీసుకోవాలంటుంది, తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. మోసపూరితంగా ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మీ గోప్యతా ప్రకటనలో "ఫిర్యాదు పరిష్కారానికి అధీకృత సిబ్బంది మీ ఖాతాను చూడవచ్చు" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి.

చట్టం అడిగినా అడగకపోయినా చెప్పేయడమే మా సలహా. ముందే అడగడం ఇంకా మెరుగు: యూజర్ సెట్టింగుల్లో "సపోర్ట్‌కు 24 గంటల అనుమతి" అన్న మీట పెట్టండి, గడువు తీరగానే సర్వర్ దాన్ని దానంతటదే ఆపేయాలి. సేల్స్‌ఫోర్స్‌లో ఇలా గడువుతో అనుమతి ఇచ్చే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. యూజర్ అసలు లాగిన్ కాలేకపోతే మీట నొక్కలేడు. అలాంటప్పుడు నమోదైన ఫోన్‌కు ఒక అనుమతి లింకు పంపండి, అతనే దాన్ని తెరిచి ఒప్పుకోవాలి, ఫోన్‌లో కోడ్ చదివి వినిపించే పద్ధతి వద్దు. ప్రవేశం ముగిశాక టికెట్ నంబరు, తేదీ, ఎంతసేపు చూశారు అన్నవి ఈమెయిల్‌లో పంపండి. ఉద్యోగి పూర్తి పేరు అక్కర్లేదు, సిబ్బంది కోడ్ చాలు. ఆ ఈమెయిల్‌ను పంపేది ప్రవేశం నమోదైన టేబుల్‌ను చదివే వేరే ప్రోగ్రామ్ కావాలి, అడ్మిన్ పేజీలోని కోడ్ కాకూడదు. లేకపోతే బ్రౌజర్ మూసేసి వెళ్లిపోయిన అడ్మిన్ గురించి యూజర్‌కు కబురే అందదు.